బంగారు తీగను ఎవరూ తినరని రాశాను

చేపల శాఖలో నా సర్వీసంతా గడిపాను. ఒక్కనాడూ చేప తినలేదు. మాది రాజమండ్రిలో కిరాణా కొట్టు పెట్టుకున్న కుటుంబం. కార్తీకమాసం వస్తే ఇంట్లో ఉల్లిపాయ కూడా మానేసేవాళ్లం. డిగ్రీలో లెక్కలూ స్టాటిస్టిక్సూ చదివాను. ఉద్యోగం కాగితం వచ్చిన రోజు శాఖ పేరు చూసి మా అమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. నాన్నగారే సర్దిచెప్పారు. కాగితాల మీద పనే కదా, కాగితానికి వాసన రాదు అన్నారు.

ఇప్పుడు కొత్తగా సర్వేలకు వెళ్లే పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వచ్చి, ప్రశ్నలు ఎలా తయారుచేయాలండీ అని అడుగుతుంటారు. నాకు తెలిసిందంతా ఒక చెరువు మీద పెద్ద పొరపాటు చేసి నేర్చుకున్నదే. డెబ్బైల చివర్లో మాట అది. అప్పటికి నాకు పాతికేళ్లు కూడా నిండలేదు.

నన్ను నరసాపురం వైపు ఆఫీసుకి వేశారు. మా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టరు. అందరూ ఏ.డి.గారు అనేవాళ్లు. మంచి మనిషే గాని, ఏ విషయమైనా కాగితం మీద టైపు కొట్టి ఉంటే తప్ప నమ్మేవారు కాదు. అక్కడికి కొంత దూరంలో కాలవ గట్టు మీద ఒక ఊరుంది. ఆ ఊరి పంచాయతీ చెరువును జాలర్ల సొసైటీ ఒకటి లీజుకి తీసుకుంది. మా శాఖ వాళ్లు అందులో మూడు నాలుగు రకాల చేపపిల్లలు వేయించారు. చెరువు లోతు తక్కువ, అడుగంతా మెత్తటి బురద. శీలావతి సరిగ్గా ఎదగలేదు, బొచ్చె అసలే ఎదగలేదు. బాగా పెరిగింది ఒక్కటే, బంగారు తీగ. పై దేశాల నుంచి వచ్చిన రకం. పేరు చూస్తే ఘనంగా ఉంటుంది గాని, బురదలో మూతి పెట్టి తవ్వుకు తినే చేప. పట్టిన చేపను మా శాఖ వ్యాను టౌను మార్కెట్టుకి తీసుకువెళితే, కొన్నవాళ్లు రెండోసారి కొనలేదు. బుట్టలు వెనక్కి వచ్చాయి.

సొసైటీకి వచ్చే ఏడు మళ్లీ బంగారు తీగే వేయాలా వద్దా అని ప్రశ్న వచ్చింది. జనం ఏ చేపను ఇష్టపడతారో ఇంటింటికీ తిరిగి అడిగి రిపోర్టు ఇవ్వమని ఏ.డి.గారు నాకు అప్పజెప్పారు. అదే నా మొదటి స్వతంత్రమైన పని. వారం రోజులు కూర్చుని ఫారం తయారుచేశాను. మీకు ఇష్టమైన చేప ఏది, కిందటి నెలలో మీ ఇంట వండిన చేపలేవి, బంగారు తీగ తింటారా, తినకపోతే ఎందుకు తినరు. స్టెన్సిలు మీద కొట్టించి, ఆఫీసులో ఉన్న ఫీల్డుమ్యాన్‌ని వెంటబెట్టుకుని సైకిలు మీద బయలుదేరాను. ఆ ఫీల్డుమ్యాన్ రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్న పెద్దాయన. ఇంటి అరుగు మీద నా పక్కన కూర్చుని, ఎదురింటి గోడ కేసి చూస్తూ ఉండేవాడు. ఒక్క మాట కలగజేసుకునేవాడు కాదు.

జనం ఎంతో మర్యాదగా జవాబులు చెప్పారు. మజ్జిగ ఇచ్చారు, కుర్చీ వేశారు. ఇష్టమైన చేప ఏదంటే పులస అన్నారు. ఆ తర్వాత కొర్రమీను, ఆ తర్వాత శీలావతి. కిందటి నెలలో ఏం వండారంటే చాలామంది అందులోనూ పులస కలిపి చెప్పారు. బంగారు తీగ పేరు ఎత్తగానే ముఖం చిట్లించారు. ఊరి ఎలిమెంటరీ స్కూలు టీచరమ్మగారైతే మరీ ఖండితంగా చెప్పారు. చర్చి పక్క వీధిలో ఉండేవారు. భర్త తాలూకాఫీసులో గుమాస్తా. మా ఇంట పులస, కొర్రమీను తప్ప ఇంకోటి గడప దాటదండీ అన్నారు. నేను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను.

రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చిందనుకున్నాను. పట్టికలు గీశాను, శాతాలు కట్టాను. చివర్లో ఒక వాక్యం రాశాను. బంగారు తీగకు ఈ ప్రాంతంలో వినియోగదారులు లేరు, కాబట్టి ఈ చెరువులో ఆ రకం పెంచడం వ్యర్థం అని. ఏ.డి.గారు చదివి, ఇలా ఉండాలయ్యా రిపోర్టంటే అని భుజం తట్టారు. ఆ సాయంత్రం హోటల్లో నేను రెండు పెసరట్లు తిన్నాను.

తర్వాత పది రోజులకి సొసైటీ ప్రెసిడెంటు ఆఫీసుకి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, వలలు లాగి లాగి అరచేతులు కాయలు కాచిపోయాయి. పంచాయతీ వాళ్లకి మా ఆఫీసు నుంచి ఉత్తరం వెళ్లిందట. ఆ చెరువులో అమ్ముడుపోయే చేప పెరగదని శాఖే అంటోంది కాబట్టి, సొసైటీకి లీజు పొడిగించకుండా ఉగాది వెళ్లాక బహిరంగ వేలం వేస్తామని వాళ్లు అంటున్నారట. వేలమంటే ఎవరికి దక్కుతుందో నాకు కూడా తెలుసు. ఆ ఊళ్లో వేలంపాటలో జాలర్లు ఏనాడూ గెలవలేదు. ఆయన కోపంగా రాలేదు. నా బల్ల ముందు నిలబడి, ఆ కాగితం రాసిన సారు మీరేనా అండీ అని అడిగాడు. నేనే అన్నాను.

"మీరు చేప తింటారా అండీ?"

"తిననండి."

ఆయన నా బల్ల మీది కాగితాల కేసి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "తిననోరు రాసిన కాయితానికి ఇరవై ఇళ్లోళ్లం చెరువు పోగొట్టుకుంటామండి. ఏం చేత్తాం. మా ఖర్మ."

అంతే. దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆయన తిట్టినా బాగుండేది. నేను తప్పు రాయలేదు, వాళ్లు చెప్పిందే రాశాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను గాని, ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండా రిపోర్టు నకలు మళ్లీ మొదటి నుంచి చదివాను. ఫీల్డుమ్యాన్ కిటికీ దగ్గర బీడీ కాల్చుకుంటూ ఇదంతా విన్నాడు. నేను ఆయన్నే అడిగాను, నా రిపోర్టులో ఏమైనా తేడా ఉందా అండీ అని. ఉంది బాబూ అన్నాడు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, మీరు ఊళ్లో అందర్నీ అడిగారు, నన్నొక్కణ్ణీ అడగలేదు అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన నన్ను ఆ ఊళ్లో చేపలమ్మే ఒక పెద్దావిడ ఇంటికి తీసుకెళ్లాడు. పుట్టిల్లు మొగల్తూరు వైపట. ముప్ఫై ఏళ్లుగా ఆ ఊరి వీధుల్లో గంప ఎత్తుకుని తిరుగుతోంది. నా ఫారాలు తీసి, ఎవరెవరు ఏమేం చెప్పారో పేర్లు చెప్పకుండా చదివి వినిపించాను. కిందటి నెల పులస వండుకున్నామన్న దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాఘమాసంలో పులసేంటండీ బాబుగారూ? ఏట్లోకి ఎర్రనీరు దిగితే గాని అది పైకెక్కదు. వానాకాలం చేపండి అది."

ఫీల్డుమ్యాన్ నవ్వలేదు. ఆయన దయ. చేపల శాఖ ఉద్యోగిని, ఏ నెలలో ఏ చేప ఉంటుందో తెలియకుండా పట్టికలు గీశాను. పైగా శాతాలు. మరి జనం ఎందుకు అబద్ధం చెప్పారని అడిగాను. అబద్ధం ఏం కాదండి అంది ఆవిడ. గవర్నమెంటు సారు కాగితం పట్టుకుని వచ్చి ఏం తింటారని అడిగితే, జెల్లలూ ఎండుచేపా అని ఎవరు చెబుతారు? వాళ్ల ఇంటికి ఏది తగునో అది చెప్పారు. కావలిస్తే నాతో రండి, ఎవరింట్లో ఏం ఉడుకుతుందో చూద్దురు గాని అంది.

మూడు రోజులు ఆవిడ వెనక సైకిలు నడిపించుకుంటూ తిరిగాను. అప్పటికి నాకు తెలియని ఊరు కనబడింది. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లు తొందరగా ఉడికే చిన్న చేపలు కొనేవారు. పిల్లలున్న ఇళ్లల్లో ముల్లు తక్కువున్న ముక్క అడిగేవారు. ఒక ఇంట ముసలాయనకు తలకాయే కావాలి, ఇంకో ఇంట తలకాయ గంపలోనే వదిలేసేవారు. బాలింత ఉన్న ఇంటికి పాలు పడతాయని చిన్న సొరపిల్ల. పులస పేరు ఎవరూ ఎత్తలేదు. టీచరమ్మగారు నన్ను చూడకుండా గుమ్మంలోకి వచ్చి, చెరువు చేప రెండు ముక్కలు లావుగా కొయ్యవే అన్నారు. పెద్దావిడ కోసి ఇచ్చింది బంగారు తీగ.

టౌనులో వెనక్కి వచ్చిన చేప ఇక్కడ ఎలా అమ్ముడవుతోంది? వీధి మలుపు తిరిగాక అడిగితే, ఆవిడ దానికేదో పెద్ద విద్య ఉన్నట్టు కూడా చెప్పలేదు. ఆ చేప కడుపు నిండా బురద. చెరువులోంచి తీసి సూటిగా పులుసులో వేస్తే బురద తిన్నట్టే ఉంటుంది. ఆవిడ సొసైటీ దగ్గర నాలుగైదు చేపలు కొనుక్కుని, పాత వల సంచిలో వేసి, రెండు రోజులు కాలవలో కట్టి ఉంచుతుంది. తిండి లేక కడుపు ఖాళీ అవుతుంది, పారే నీటికి వాసన పోతుంది. చెరువు చేపని చెప్పి అమ్ముతుంది. ఏం రకమని ఎవరైనా అడిగితే చెబుతానండి, ఎవరూ అడగరు అంది.

ఆఫీసుకి వెళ్లి ఏ.డి.గారి ఎదుట నిలబడ్డాను. నా రిపోర్టు తప్పండి అని చెప్పడానికి పావుగంట పట్టింది. పులస సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖం ఎర్రబడింది. ఆయన సంతకం కూడా దాని మీద ఉంది మరి. కాసేపు నన్ను కడిగేశారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, పంచాయతీ మీటింగు ఎప్పుడని అడిగారు. మూడు వారాలుంది. ఆవిడ ఎవరో చెప్పింది, నువ్వు విన్నావు, దానితో నేను ఉత్తరం మార్చలేను అన్నారు. "తినేవాళ్ల ముందు పెట్టు. పంచాయతీ ప్రెసిడెంటు కూడా తినాలి. తిన్నాక వాళ్లేమంటారో అది రాసుకు రా. ఈసారి నీ ఫారం తీసుకెళ్లకు."

సొసైటీ ప్రెసిడెంటుకి ఈ మాట చెబితే ఆయన ముందు నమ్మలేదు. ఈ రకం వాళ్లకి కొత్త. ఏట్లోనూ సముద్రం మీదా పట్టిన చేపకి కడుపు ఖాళీ చేయించే అవసరం ఎప్పుడూ రాలేదు. అయినా పది చేపలు పట్టి ఇచ్చాడు. వాటిని నేను, ఫీల్డుమ్యాన్ కలిసి చెరువు పక్కనే కాలవ వంపులో తడికలు కట్టి వదిలాం. అక్కడ నీళ్లు కదలడం లేదని మాకు తట్టలేదు. రెండో రోజుకి ఎండకి ఆరు చచ్చిపోయాయి. మిగిలినవాటిలో ఒకదాన్ని ఫీల్డుమ్యాన్ కోసి నా ముందు పెట్టాడు. చేప రుచి నాకు తెలియదు గాని వాసన తెలుసు. చిన్నప్పటి నుంచి కొట్లో కూర్చోబెట్టి నెయ్యి, నూనె, బెల్లం వాసన చూసి మంచీ చెడూ చెప్పమనేవారు నాన్నగారు. ఆ ముక్క మీదికి వంగి వాసన చూస్తే ఎండిపోతున్న పంట బోదె కాలవ కంపు కొట్టింది. పోలేదండీ అన్నాను. సొసైటీ ప్రెసిడెంటు తడికలు పీకేశాడు.

ఆ రెండు రోజులు నాకు నిద్ర లేదు. వేసవికి కాలవలు కట్టేసే రోజులు దగ్గరపడుతున్నాయి. నీరు ఆగిపోతే ఇక చేసేదేం లేదు. పెద్దావిడ మాత్రం కంగారుపడలేదు. వచ్చి చోటు చూసి, ఇక్కడ పెడితే ఇంకేమవుద్దండి, నీళ్లు కదలాలి కదా అంది. తానే ముందు నడిచి కాలవకి అడ్డంగా కట్టిన లాకుల కింద నీరు సుడి తిరుగుతూ జారే చోటు చూపించింది. లాకుల దగ్గరి గుమాస్తాని బతిమాలుకుని అక్కడ పెద్ద వల సంచి కట్టాం. ఈసారి మూడు రోజులు ఉంచాం. మూడో రోజు పొద్దున కోసిన ముక్కను నేను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూశాను. తడి ఇసుక వాసన తప్ప ఇంకేం లేదు. సొసైటీ ప్రెసిడెంటు నా ముఖం కేసి చూస్తున్నాడు. నేను తలూపితే ఆయన గట్టు మీద కూలబడి తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

భోజనాలు పెట్టడానికి చోటు టీచరమ్మగారు ఇచ్చారు. నిజం చెప్పేయడమే మేలని వాళ్లింటికి వెళ్లి, మీరు కొనే చెరువు చేప బంగారు తీగేనండి అని చెప్పాను. ఆవిడ గట్టిగా నవ్వేశారు. "ఎవరో తెలియని కుర్రాడు ఇంటికొచ్చి రాసుకుంటానంటే, జెల్లల పులుసు తింటామని చెబుతామేంటండీ?" అని నన్నే అడిగారు. చర్చి స్త్రీల సమాజానికి ఆవిడే కార్యదర్శి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో పందిరి కింద ఏర్పాటు చేయించారు.

మూడు దాకల్లో మూడు పులుసులు. ఒకదాంట్లో టౌను నుంచి తెప్పించిన శీలావతి, ఒకదాంట్లో చెరువులోంచి అప్పుడే తీసిన బంగారు తీగ, ఒకదాంట్లో లాకుల కింద ఉంచిన బంగారు తీగ. ఉప్పూ కారం మూడింట్లోనూ ఒక్కలాగే. చింతపండు దగ్గర టీచరమ్మగారికీ నాకూ వాదన వచ్చింది. ఆవిడ పాత నల్ల చింతపండు తెచ్చారు, పులుసుకి అదే బాగుంటుందని. అంత పులుపు పడితే బురద వాసన మరుగునపడుతుంది, తేడా తెలియదండీ అని నేను ఒప్పుకోలేదు. రాజమండ్రిలో మా కొట్టు నుంచి ముందే తెప్పించి ఉంచిన కొత్త చింతపండు నేనే కొలిచి ఇచ్చాను. చేప ముట్టని వాడు వచ్చి పులుసు పెట్టడం నేర్పుతున్నాడని వంట దగ్గరి ఆడవాళ్లు ఒకటే నవ్వు.

ఊళ్లోవాళ్లు అన్ని వీధుల నుంచీ వచ్చారు. పంచాయతీ ప్రెసిడెంటు తన ఇద్దరు మెంబర్లతో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఏ.డి.గారు కూడా చూడటానికి వచ్చారు. దాకలకి ఎర్ర, తెల్ల, పచ్చ గుడ్డలు కట్టాం. ఏది ఏదో నాకూ, టీచరమ్మగారికీ, పెద్దావిడకీ తప్ప తెలియదు. ఇష్టమా కాదా అని ఎవర్నీ అడగలేదు. మూడూ కొంచెం కొంచెం వడ్డించి, మళ్లీ ఏది వేయమంటారండీ అని మాత్రం అడుగుతూ వెళ్లాం. అందరూ చూస్తుండగా ఎంచుకోమంటే మళ్లీ గొప్పలకు పోతారేమో అని నా భయం. కానీ ఆకు మీద ఉన్న అన్నం ముందు మనిషి గొప్పలకు పోడు.

ఎర్ర గుడ్డ దాక, అంటే శీలావతి, ఎక్కువమంది మళ్లీ వేయించుకున్నారు. అది నేను దాచను. కానీ పచ్చ గుడ్డ దాక, లాకుల కింది బంగారు తీగ, దానికి కొంచెం వెనకగానే ఖాళీ అయింది. తెల్ల గుడ్డ దాకలో ముక్కలు అలాగే మిగిలిపోయాయి. పంచాయతీ ప్రెసిడెంటు పచ్చదే రెండుసార్లు వేయించుకున్నాడు. అందరూ చేతులు కడుక్కున్నాక, నేను రాసిచ్చిన కాగితం చూసి ఏ.డి.గారు గుడ్డల గుట్టు విప్పారు. పంచాయతీ ప్రెసిడెంటు, ఇది ఆ చేపేనా అని రెండుసార్లు అడిగాడు. ఎవరైనా మోసం అంటారేమోనని భయపడ్డాను. అప్పుడు సొసైటీ ప్రెసిడెంటు లేచి నిలబడ్డాడు.

"అదేనండి. మేమే సరిగ్గా తెచ్చి పెట్టలేదండి మీకు. ఇకనించి లాకుల కింద ఉంచి, పొద్దున్నే ఈ ఊళ్లోనే అమ్ముతాం. పేరు చెప్పే అమ్ముతాం. ఒక్క ఏడాది చూడండి."

పంచాయతీ ప్రెసిడెంటు మూతి తుడుచుకుంటూ, తిన్నాక కాదంటే ఏం బాగుంటుందయ్యా అన్నాడు. మీటింగులో వేలం ఒక ఏడాదికి వాయిదా వేశారు. ఆ ఏడాది తర్వాత మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. సొసైటీ వాళ్లు తర్వాత చెరువు కొంత లోతు చేయించి శీలావతి కూడా పెంచారు. రెండూ ఉన్నప్పుడు జనం శీలావతే ముందు కొనేవారు, అది లేనినాడు బంగారు తీగ పేరు పెట్టి అడిగి కొనేవారు. టీచరమ్మగారు కూడా.

రెండో రిపోర్టు నాలుగు పేజీలే వచ్చింది. పట్టిక ఒక్కటే. మొదటి పేజీలోనే, నా మొదటి రిపోర్టు ఎందుకు తప్పో రాశాను. అది ఫైల్లో ఉంటే నీ సర్వీసుకి మచ్చ, తీసేయవయ్యా అన్నారు ఏ.డి.గారు. తీయనండి అన్నాను. ఆయన కలం తీసి, అలాగే సంతకం పెట్టారు. ఇప్పటి పిల్లలకి నేను చెప్పేది కూడా ఇంతే. జనం చెప్పిన జవాబు రాసుకోండి, కానీ వాళ్లు ఏ ఇంట్లో, ఎవరి ముందు, ఏ నెలలో అది చెప్పారో కూడా పక్కన రాసుకోండి. పక్కన కూర్చుని మాట్లాడకుండా ఉన్నవాణ్ణి ఒకసారి అడగండి.

ఆ ఏడు వానలు పడి చెరువు నిండాక చేపపిల్లలు వేసే రోజు సొసైటీ ప్రెసిడెంటు కబురుపెట్టాడు. నేను గట్టు మీద నోటుబుక్కు పట్టుకుని నిలబడ్డాను. పిల్లలున్న అల్యూమినియం బిందెలు తెచ్చి నీటి అంచున దించారు. ముందు చెరువు నీరు కొంచెం కొంచెంగా బిందెలో కలుపుతూ వాటికి అలవాటు చేశారు. మొదటి బిందె మీరు వదలండి సారూ అని ఆయన నా చేతిలో నోటుబుక్కు తీసుకుని ఫీల్డుమ్యాన్‌కి ఇచ్చేశాడు. నేను వెనకాడుతుంటే, తినమనడం లేదు కదండీ అన్నాడు. ప్యాంటు మడిచి మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగాను. బిందెను ఒక పక్కకి వంచి, లోపల చెయ్యి పెట్టాను. వేలెడేసి పిల్లలు నా వేళ్ల సందుల్లోంచి చల్లగా, తడబడుతూ, ఒకదాని వెనక ఒకటి చెరువులోకి వెళ్లిపోయాయి. బిందె ఖాళీ అయ్యాక కూడా నేను చెయ్యి తీయలేదట. రెండో బిందె కూడా నా దగ్గరికే తెచ్చారు.